నేపథ్యం తొలగింపు, ఆకు అంచు: పంట ఛాయాచిత్రాల సవరణలో గమనించవలసిన విషయాలు

గత యాసంగిలో ఉప్పునుంతల మండలంలోని ఒక గ్రామంలో, వేరుశనగ చేను గట్టు మీద ఒక రైతు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. అంతకు కొద్ది రోజుల ముందు మేము ఆ ఊరి పంచాయతీ గోడకు ఒక గోడపత్రం అంటించి వచ్చాము. ముదురు ఆకుపచ్చ నేపథ్యంపై మూడు వేరుశనగ ఆకుల చిత్రాలు, వాటి కింద పేర్లు: ముందుగా వచ్చే ఆకుమచ్చ తెగులు, ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ తెగులు, పచ్చదోమ ఆశించిన ఆకు. రైతు తన చేనులో తెంపిన ఆకును చూపుతూ, "సారూ, మీ బొమ్మలల్ల ఆకు సుట్టూ తెల్ల దారం లెక్క గీత ఉన్నది. మా సేన్ల ఆకుకు గా గీత లేదు, కొస పసుపైంది. మూడిట్ల మాది ఏది కాదనుకున్న. దుకాణపాయన మచ్చల మందు ఇచ్చిండు, కొట్టిన" అన్నారు.

ఆయన చేతిలోని ఆకు కొసన 'వి' ఆకారంలో పసుపు రంగు స్పష్టంగా ఉన్నది. అది వేరుశనగలో పచ్చదోమ రసం పీల్చినప్పుడు కనిపించే లక్షణమే. గోడపత్రంలోని మూడవ చిత్రం దానిని చూపడానికే ఉద్దేశించినది. అయినా ఆయన తన ఆకును అందులో పోల్చుకోలేకపోయారు. రసం పీల్చే పురుగు ఉన్న చేనుపై శిలీంద్రనాశిని పిచికారీ జరిగింది. మందు ఖర్చు, కూలి ఖర్చు, అంతకు మించి పురుగుకు దొరికిన వ్యవధి, ఇవన్నీ నష్టాలే.

తిరిగి వచ్చి మూల ఛాయాచిత్రాన్ని, ముద్రణకు పంపిన చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూశాము. తప్పు రైతుది కాదు. ఛాయాచిత్రం తీసినవారిది కూడా కాదు. మధ్యలో కంప్యూటర్‌పై ఆకును నేపథ్యం నుండి వేరు చేసిన దశలో జరిగింది. తెల్ల కాగితంపై ఆకును ఉంచి ఫొటో తీశాము. ఒక్క మీట నొక్కితే నేపథ్యాన్ని తొలగించే సదుపాయంతో కాగితాన్ని తీసివేశాము. ఆకు కొసలోని లేత పసుపు కాగితపు తెలుపుకు దగ్గరగా ఉండడంతో సాఫ్ట్‌వేర్ దానిని కాగితంలో భాగంగా లెక్కించి కోసివేసింది. మిగిలిన ఆకుపచ్చ భాగం చుట్టూ సన్నని తెల్ల అంచు మిగిలిపోయింది. అంటే ఏ లక్షణాన్ని చూపడానికి ఆ చిత్రం వేశామో అదే పోయి, ఆకులో లేని గీత ఒకటి వచ్చి చేరింది.

విస్తరణ విభాగంలో పనిచేసేవారు గోడపత్రాలు, కరపత్రాలు, శిక్షణ స్లైడులు తయారు చేస్తారు. విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాలకు చిత్రాలు సిద్ధం చేస్తారు, ఆకు విస్తీర్ణాన్ని, తెగులు తీవ్రతను చిత్రాల నుండే కొలుస్తారు. అందరూ నేపథ్యాన్ని తొలగిస్తారు, కాని దానిని ఎవరూ ఒక శాస్త్రీయ ప్రక్రియగా పరిగణించరు. ఏదో ముద్రణాలయపు పనిగా, చివరి నిమిషపు అలంకారంగా చూస్తారు. మేమూ అలాగే చూశాము.

అంచు వద్ద ఏమి జరుగుతుంది?

డిజిటల్ ఛాయాచిత్రం చిన్న చిన్న చతురస్రాల సమాహారం. ఒక్కొక్క చతురస్రాన్ని పిక్సెల్ అంటారు. ఆకు మధ్యలోని పిక్సెల్ పూర్తిగా ఆకుదే, కాగితం మధ్యలోని పిక్సెల్ పూర్తిగా కాగితానిదే. కాని ఆకు అంచు ఒక పిక్సెల్ మధ్యగా పోయినప్పుడు ఆ పిక్సెల్‌లో రెండింటి రంగులూ కలిసి ఉంటాయి. ఉదాహరణకు, ఆకుపచ్చ విలువ ఆకులో 120, కాగితంలో 250 అనుకుందాం. అంచు పిక్సెల్‌లో ఆరు పాళ్ళు ఆకు, నాలుగు పాళ్ళు కాగితం ఉంటే దాని విలువ 72, 100 కలిసి 172 అవుతుంది. తెల్ల కాగితంపై ఉన్నంతవరకు ఈ 172 కంటికి ఆనదు. దానినే ముదురు నేపథ్యంపైకి మార్చినప్పుడు ఆకు చుట్టూ దారం పోగు వలె వెలుగుతుంది. రైతు చూసిన తెల్ల గీత ఇదే.

కాబట్టి అంచు పిక్సెల్‌ను "ఆకు" అనో "నేపథ్యం" అనో తేల్చివేయడం సరికాదు. అది ఎన్ని పాళ్ళు ఆకు అన్న సంఖ్యను కూడా దానితో పాటు నిలుపుకోవాలి. ఈ సంఖ్యనే ఆల్ఫా అంటారు. పారదర్శకతను ఆల్ఫా రూపంలో ఉంచుకొని చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చే గణితాన్ని 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు క్రమబద్ధం చేశారు. ఈనాటికీ ప్రతి చిత్ర సవరణ సాఫ్ట్‌వేర్ లోపల అదే లెక్క నడుస్తున్నది. అయితే ఆల్ఫా సరిగా ఉన్నా పిక్సెల్‌లో కలిసిపోయిన కాగితపు రంగు మాత్రం అలాగే ఉంటుంది. దానిని వేరుగా తొలగించాలి. ఫొటోషాప్‌లో 'డీకంటామినేట్ కలర్స్' అనే సదుపాయం ఈ పని చేస్తుంది. అంచు పిక్సెళ్ళ రంగును తీసివేసి, లోపలి పిక్సెళ్ళ రంగును అక్కడికి పరుస్తుంది.

మనుషుల ఫొటోలకు ఇది మేలైన పద్ధతి. ఆకుకు మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే పంటల్లో అనేక లక్షణాలు అంచునే మొదలవుతాయి. పత్తిలో పచ్చదోమ తీవ్రమైతే ఆకు అంచులు పసుపు రంగుకు, ఆపై ఎరుపుకు తిరిగి కిందికి ముడుచుకుంటాయి. పొటాష్ లోపం ముదురు ఆకుల అంచులు మాడడంతో బయటపడుతుంది. అంచు రంగును లోపలి ఆకుపచ్చతో కప్పే సదుపాయం ఈ లక్షణాలను కూడా కప్పివేయగలదు. తెల్ల గీతను తొలగించబోయి తెగులు గుర్తును తొలగించినట్లవుతుంది. తెల్ల గీత కనిపించగానే అంచును రెండు మూడు పిక్సెళ్ళు లోపలికి కోయడం కూడా అలవాటే. పెద్ద చిత్రంలో దానివల్ల నష్టం తక్కువ, చిన్న చిత్రంలో మాత్రం ఎక్కువ. ఆ లెక్కను ముందు ముందు చూద్దాం.

స్టూడియోలో నేర్చుకున్న పాఠం

గోడపత్రాన్ని సరిచేయడానికి మేము మండల కేంద్రంలోని ఒక ఫొటో స్టూడియోకు వెళ్ళాము. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళి ఆల్బములు, ఫ్లెక్సీలు చేసే చిన్న దుకాణం. నేపథ్యం నుండి బొమ్మను వేరు చేయడం అక్కడ రోజూ పదుల సార్లు జరిగే పని. దరఖాస్తు ఫొటో వెనుక గోడను తీసి తెలుపు పెడతారు, ఫ్లెక్సీ కోసం నాయకుని తలను, భుజాలను కోసి వేరొక ఆకాశం కింద నిలుపుతారు. సినిమా హాళ్ళ ముందు ప్లైవుడ్ కటౌట్లు నిలిపిన కాలం నుండి తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. కంప్యూటర్లు రాక ముందు ముద్రణాలయాల్లో నెగటివ్‌పై బొమ్మ చుట్టూ కుంచెతో ఎర్రని లేదా నల్లని రంగు పూసి నేపథ్యాన్ని మూసివేసేవారు. ఒక్క బొమ్మకు గంటలు పట్టేది, అందువల్ల ఏ అంచు ఎక్కడ పోతున్నదో పూసేవానికి తెలిసేది.

స్టూడియో నిర్వాహకుడు మా ఫైలును తెరిచి మూడు వందల శాతం పెద్దది చేసి చూడగానే, "ఇది ఆటోమేటిక్‌ల తీసిన్రు సార్" అన్నాడు. తన పనిలో మాత్రం భుజాలకు పెన్ టూల్, జుట్టుకు బ్రష్ వాడుతానని చెప్పాడు. ఒక్క మీట పద్ధతితో మొదలుపెట్టినా జుట్టు వద్దకు వచ్చేసరికి చేతితో దిద్దుతాడట. "పెండ్లి ఆల్బంల జడ కొస పోతే మల్ల ప్రింటు మా పైసలతోనే ఇయ్యాలె" అన్నది ఆయన చెప్పిన కారణం. మా గోడపత్రానికి అటువంటి బాధ్యత ఎవరికీ లేకపోవడం కూడా తప్పు జరగడానికి ఒక కారణమని అప్పుడు అనిపించింది.

ఆయన పద్ధతిని పంటలకు అన్వయిస్తే కొన్ని విషయాలు తేలికగా అర్థమవుతాయి. పెన్ టూల్ అంటే అంచు వెంట బిందువులు పెట్టుకుంటూ, వాటి మధ్య వక్రరేఖను సాగదీస్తూ పోవడం. వేరుశనగ చిట్టి ఆకు అంచు నునుపుగా, అండాకారంగా ఉంటుంది కనుక వంపు మారే చోట మాత్రమే బిందువు పెడితే చాలు, పది లోపు బిందువులతో పని ముగుస్తుంది. కొత్తవారు యాభై బిందువులు పెడతారు, అంచు గతుకుల బాట అవుతుంది. పత్తి ఆకుకు తమ్మెలు ఉన్నందున బిందువులు పెరుగుతాయి. ఆముదపు ఆకు అంచు రంపపు పళ్ళ వలె ఉంటుంది, అక్కడ ఓపికకు మించిన సాధనం లేదు.

జుట్టుతో పోల్చదగినవి వేరే ఉన్నాయి. పగిలిన పత్తి కాయలోని దూది, వేరుశనగను ఆశించే ఎర్ర గొంగళి పురుగు శరీరంపై వెంట్రుకలు, నారువేళ్ళు. వీటికి పెన్ టూల్ పనికిరాదు. పాక్షిక పారదర్శకతతో, బ్రష్‌తో, అంచును మృదువుగా నిలుపుకోవాలి. మేము పరీక్షగా ఎర్ర గొంగళి పురుగు ఫొటోను ఒక్క మీట పద్ధతికి ఇచ్చి చూశాము. వెంట్రుకలన్నీ పోయి నున్నని పురుగు బయటికి వచ్చింది. వేరుశనగలోనే వచ్చే పొగాకు లద్దె పురుగు నున్నగా ఉంటుంది. వెంట్రుకలు లేని గొంగళి పురుగు చిత్రాన్ని కరపత్రంలో వేస్తే చదివే రైతు ఏ పురుగనుకుంటాడో చెప్పనక్కరలేదు. మొక్కజొన్నలో కత్తెర పురుగు విషయమూ ఇటువంటిదే. మనదేశంలో 2018లో కర్ణాటకలో మొదటగా గుర్తించిన ఈ పురుగును తలపై తలకిందులైన 'వై' గుర్తుతోను, తోక వైపు ఎనిమిదవ ఉదర ఖండంపై చతురస్రంగా అమరిన నాలుగు నల్ల మచ్చలతోను పోల్చుకుంటాము. మొక్కజొన్న సుడిలో, పిప్పి మధ్య తీసిన ఫొటోలో తోక చివర నీడలో ఉంటుంది. నీడను నేపథ్యంగా లెక్కించి కోసే సాఫ్ట్‌వేర్ ఆ నాలుగు మచ్చలలో రెండింటిని తీసుకుపోవచ్చు.

మరొక మాట. స్టూడియోలో బొమ్మను ఎప్పుడూ రబ్బరుతో చెరపరు, మాస్క్ వేస్తారు. రబ్బరుతో చెరిపితే పిక్సెల్ శాశ్వతంగా పోతుంది. మాస్క్ అయితే మూలచిత్రం కింద అలాగే ఉంటుంది, ఏ భాగం కనిపించాలో చెప్పే నలుపు తెలుపు పొర మాత్రమే పైన ఉంటుంది. మరుసటి వారం పొరపాటు తెలిస్తే మాస్క్‌ను దిద్దుకోవచ్చు. మా మూడవ ఆకు కొసను ఇలా దిద్దుకొనే వీలు లేకపోయింది, ఫైలును మాస్క్ లేకుండా చదును చేసి భద్రపరిచాము. అదృష్టవశాత్తు మూల ఛాయాచిత్రం కెమెరా కార్డులో మిగిలి ఉన్నది.

సాఫ్ట్‌వేర్ ఎలా ఆలోచిస్తుంది?

విద్యార్థులకు ఇది తెలిసి ఉండడం మేలు, ఎందుకంటే ఏ పద్ధతి ఎక్కడ తప్పుతుందో దాని పనితీరే చెబుతుంది. అన్నింటికన్నా సరళమైనది రంగు విలువకు ఒక హద్దు పెట్టి అటూ ఇటూ విడగొట్టడం. ఆ హద్దును చిత్రం నుండే గణించే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్త నొబుయుకి ఓట్సు 1979లో ప్రచురించారు. పంటలకు ప్రత్యేకంగా, 1995లో వోబెక్ బృందం అదనపు ఆకుపచ్చ సూచికను ప్రతిపాదించింది: ఆకుపచ్చ విలువను రెట్టింపు చేసి అందులో నుండి ఎరుపు, నీలం విలువలను తీసివేయడం. నేలపై పైరు ఎంత భాగం కప్పిందో ఫొటో నుండి కొలిచే ఫోన్ సాధనాలలో ఈ తరహా లెక్కే ఉంటుంది.

ఉప్పునుంతల ప్రాంతపు ఎర్ర చెల్క నేలల్లో ఈ సూచిక బాగా పనిచేస్తుంది. ఎర్ర మట్టిపై పచ్చని మొక్క దీనికి అనువైన పరిస్థితి. కాని మొక్క ఆరోగ్యంగా ఉన్నంతవరకే. తుప్పు తెగులు సోకిన ఆకుల ఇటుక రంగు పొక్కులు, ఎండి గోధుమ రంగుకు తిరిగిన ఆకులు ఎర్ర మట్టితో కలిసిపోతాయి. పచ్చగా ఉన్నదే మొక్క అన్న సూత్రంతో కోసినప్పుడు తెగులు సోకిన భాగమే నేలగా మారిపోతుంది. తెగులు ఎంత ఎక్కువ ఉంటే, కొలతలో ఆకు అంత చిన్నదవుతుంది. తెగులు తీవ్రతను ఈ పద్ధతితో కొలిచిన విద్యార్థికి వచ్చే శాతం వాస్తవం కన్నా తక్కువగా ఉండక తప్పదు.

రెండవ తరహా పద్ధతులు అంచును వెతుకుతాయి. 2004లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రచురించిన గ్రాబ్‌కట్ వీటిలో పేరున్నది. వాడేవారు వస్తువు చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీస్తారు. దాని బయట ఉన్నదంతా నేపథ్యమని గ్రహించి, లోపలి రంగులను బయటి రంగులతో పోల్చి, రెండింటి నడుమ అతి తక్కువ ఖర్చుతో పోయే హద్దును గణిస్తుంది. రంగు ఒక్కసారిగా మారే చోట హద్దు వేయడానికి ఖర్చు తక్కువ, రంగు మారని చోట ఎక్కువ. రెండు చేల నడుమ గట్టు వేసేవాడు సహజంగా మిట్ట ఉన్న చోటును ఎంచుకున్నట్లు ఇది నడుస్తుంది. పచ్చని ఆకుకు, పసుపు కొసకు నడుమ మిట్ట ఉన్నది. పసుపు కొసకు, తెల్ల కాగితానికి నడుమ ఉన్న మిట్ట అంతకన్నా తక్కువ. అందుచేత గట్టు తప్పు చోట పడుతుంది.

మూడవ తరహా, కోట్ల చిత్రాలతో శిక్షణ పొందిన నమూనాలు. మెటా సంస్థ 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ నమూనాకు 1.1 కోట్ల చిత్రాలు, వాటిలో గీసిన 110 కోట్లకు పైగా మాస్కులు ఆధారం. దాని సామర్థ్యాన్ని తక్కువ చేసి చెప్పలేము, ఒక్క బిందువు చూపితే ఆకును చక్కగా వేరు చేస్తుంది. అయితే అది నేర్చుకున్నది సాధారణ వస్తువుల హద్దులు. ఆకులోని మచ్చ రంధ్రమా, మచ్చనా అన్నది దానికి తెలిసే విషయం కాదు. ఎండిన మచ్చ మధ్య భాగం రాలి రంధ్రం పడితే దాని గుండా కాగితం కనిపిస్తుంది. అది నేపథ్యమే, కాని ఆ రంధ్రం తెగులు లక్షణం కూడా. దానిని మచ్చగా లెక్కించాలా, ఖాళీగా వదలాలా అన్నది పరిశోధకుడు ముందుగా నిర్ణయించుకొని పద్ధతుల విభాగంలో రాయవలసిన విషయం.

నేపథ్యం తెచ్చే మోసం

నేపథ్యాన్ని తొలగించడం అందం కోసమేనన్న అభిప్రాయం ఉన్నవారు ప్లాంట్‌విలేజ్ చిత్రాల ఉదంతాన్ని తప్పక తెలుసుకోవాలి. డేవిడ్ హ్యూస్, మార్సెల్ సలాథే ఆధ్వర్యంలో బహిరంగంగా అందుబాటులోకి వచ్చిన ఈ సంకలనంలో 14 పంటలకు, 26 తెగుళ్ళకు సంబంధించిన 54,306 ఆకు చిత్రాలు ఉన్నాయి. శర్దా మోహంతితో కలిసి వారు 2016లో ప్రచురించిన పరిశోధనలో కంప్యూటర్ నమూనా 99.35 శాతం ఖచ్చితత్వంతో పంటను, తెగులును గుర్తించింది. ప్రపంచమంతటా ఆ సంఖ్యను ఉటంకించారు. అదే వ్యాసంలో మరొక సంఖ్య కూడా ఉన్నది: శిక్షణ చిత్రాలకు భిన్నమైన పరిస్థితుల్లో తీసిన చిత్రాలపై ఖచ్చితత్వం 31 శాతం చిల్లరకు పడిపోయింది. ఈ రెండవ సంఖ్యను ఉటంకించేవారు తక్కువ.

ఎందుకిలా అన్నదానికి ఒక సమాధానం 2022లో వచ్చింది. మెహ్మెత్ అలిజాన్ నోయన్ ఆ సంకలనంలోని ప్రతి చిత్రం నుండి ఆకును పూర్తిగా వదిలి, నేపథ్యంలోని ఎనిమిది పిక్సెళ్ళు మాత్రమే తీసుకొని నమూనాకు శిక్షణ ఇచ్చారు. మొత్తం 38 వర్గాలు ఉన్నందున గుడ్డిగా చెబితే మూడు శాతం లోపే సరిపోవాలి. ఎనిమిది నేపథ్య పిక్సెళ్ళతో 49 శాతం సరిపోయింది! ఒక్కొక్క తెగులు ఆకులను ఒక్కొక్క విడతలో, ఒకే రకమైన వెలుతురులో, ఒకే రకమైన బల్లపై ఫొటో తీసినప్పుడు బల్ల రంగు కూడా తెగులు పేరు చెబుతుంది. నమూనా ఆకును కాక బల్లను చదివే అవకాశం ఉన్నదన్నమాట.

2016 నాటి పరిశోధకులు ఈ అనుమానంతోనే నేపథ్యం తొలగించిన చిత్రాలపై కూడా నమూనాను పరీక్షించారు. ఫలితం రంగుల చిత్రాల కన్నా స్వల్పంగా మాత్రమే తగ్గింది. దీనిని చూసి నేపథ్యం పోతే దోషమూ పోయిందని అనుకోవడం తొందరపాటు. నేపథ్యాన్ని కోసినా ఆకుపై పడిన వెలుతురు ఆ విడతదే, అంచులో మిగిలిన బల్ల రంగు ఆ విడతదే. మాకు ఎదురైన తెల్ల అంచు వంటిది ప్రతి తెగులుకు ఒక్కొక్క రంగులో మిగిలితే కంప్యూటర్ దానిని చదవక మానదు. కంటికి ఆనని దారం పోగు దానికి రాజమార్గం.

గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు 13 మొక్కలకు చెందిన 2,598 చిత్రాలతో ప్లాంట్‌డాక్ అనే సంకలనాన్ని రూపొందించడంలో ఉద్దేశం ఇదే, అందులో ఆకులు సహజ నేపథ్యాల్లో ఉంటాయి. మన విద్యార్థులు సొంతంగా చిత్రాలు సేకరించేటప్పుడు ఆరోగ్యవంతమైన ఆకులను, తెగులు ఆకులను ఒకే రోజున, ఒకే గుడ్డపై, కలగలిపి తీయాలి. ఉదయం ఆరోగ్యవంతమైనవి, మధ్యాహ్నం తెగులువి తీస్తే నమూనా పొద్దును నేర్చుకుంటుంది. శిక్షణకు, పరీక్షకు చిత్రాలను విభజించేటప్పుడు చిత్రాలవారీగా కాక చేలవారీగా విభజించడం మంచిది. ఉప్పునుంతల చేలల్లో శిక్షణ పొంది వనపర్తి చేలల్లో పరీక్షకు నిలిచిన నమూనాను నమ్మవచ్చు.

ఫొటో తీసేటప్పుడే సగం పని

స్టూడియోలో గోడకు నీలి తెర కట్టి ఉన్నది. మేము తెల్ల కాగితం వాడామని విని నిర్వాహకుడు నవ్వాడు. ఆకులోని ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగులన్నింటిలోను నీలం పాలు తక్కువ. కాబట్టి నీలి నేపథ్యంపై ఆకు పసుపు కొసతో సహా విడిగా నిలుస్తుంది. మెరుపు లేని నీలి గుడ్డ కావాలి. మెరిసే ప్లాస్టిక్ షీటు అయితే నీలి వెలుగు ఆకు అంచులపై ప్రతిఫలించి కొత్త సమస్యను తెస్తుంది. రంగును కొలవవలసిన పరిశోధనల్లో ఇంకా జాగ్రత్తగా మధ్యస్థ బూడిద రంగు గుడ్డ వాడాలి. తెల్ల కాగితానికి మరొక లోపం కూడా ఉన్నది: కెమెరా ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువగా ఉన్నదని భావించి మొత్తం చిత్రాన్ని నల్లబరుస్తుంది, ఆకు అసలు రంగు కన్నా ముదురుగా వస్తుంది.

ఎండలో ఫొటో తీస్తే ఆకు పక్కన పడే గట్టి నీడను సాఫ్ట్‌వేర్ ఆకుగా పొరబడుతుంది. చేనులో గొడుగు నీడ చాలు, అయితే గొడుగు నల్లదై ఉండాలి. ఎర్ర గొడుగు కింద తీసిన ఆకుకు తుప్పు తెగులు తానే వస్తుంది! ఆకును గుడ్డపై చదునుగా పరచి, ముడుచుకున్న అంచును బలవంతంగా విప్పకుండా, కెమెరాను నిలువుగా పైనుండి పట్టుకోవాలి. ముడత కూడా లక్షణమే. కొలతకు పక్కన స్కేలు పెట్టాలి. చాలామంది రూపాయి బిళ్ళ పెడతారు. ముద్రించిన సంవత్సరాన్ని బట్టి రూపాయి బిళ్ళ పరిమాణం మారింది కనుక అది నమ్మదగిన కొలత కాదు.

ఆకు చిత్రం ఫ్రేములో ఎంత పెద్దదిగా ఉండాలన్నది ఇంతకు ముందు వాయిదా వేసిన లెక్క. వేరుశనగ చిట్టి ఆకును అండాకారమనుకొని, అది చిత్రంలో 400 పిక్సెళ్ళ పొడవు, 200 పిక్సెళ్ళ వెడల్పు ఉన్నదనుకుందాం. విస్తీర్ణం సుమారు 62,830 పిక్సెళ్ళు. చుట్టూ మూడు పిక్సెళ్ళ మందం కోస్తే సుమారు 60,030 మిగులుతాయి, నష్టం నాలుగున్నర శాతం. అదే ఆకు దూరం నుండి తీసినందున 100 పిక్సెళ్ళ పొడవు, 50 వెడల్పే ఉంటే 3,927 పిక్సెళ్ళలో మిగిలేవి సుమారు 3,248, నష్టం 17 శాతానికి పైబడుతుంది. రెండు చికిత్సల మధ్య ఆకు విస్తీర్ణంలో తేడా పది శాతం ఉన్న ప్రయోగంలో, ఒక చికిత్స ఆకులను దగ్గరగా, మరొకదానిని దూరంగా తీస్తే తేడా అంతా మూడు పిక్సెళ్ళలో పుట్టవచ్చు.

ఫైలు రూపం గురించి కొంత. జేపెగ్ రూపం పారదర్శకతను నిలుపుకోదు. అది చిత్రాన్ని ఎనిమిదేసి పిక్సెళ్ళ గళ్ళుగా చేసి కుదిస్తుంది, రంగు వివరాన్ని సాధారణంగా వెలుతురు వివరం కన్నా తక్కువగా దాస్తుంది. ఆకు రంగు, కాగితపు రంగు అంచు వద్ద ఒకదానిలోకి ఒకటి ఒలకడానికి ఇదొక కారణం. వేరు చేసిన చిత్రాన్ని పీఎన్‌జీ రూపంలోను, మాస్క్‌తో కూడిన పొరల ఫైలును విడిగాను భద్రపరచాలి. క్షేత్రస్థాయి సిబ్బంది వాట్సాప్‌లో పంపే ఫొటోలు ఇప్పటికే కుదింపుకు గురై ఉంటాయి, వాటిని డాక్యుమెంటుగా పంపమని కోరితే మూల పరిమాణంలో వస్తాయి.

చివరగా పరిశోధన పత్రాలకు సంబంధించిన నియమం. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ సంపాదకవర్గానికి చెందిన మైక్ రోస్నర్, కెన్నెత్ యమడ 2004లో చిత్రాల సవరణపై రాసిన మార్గదర్శకాలు ఇప్పుడు అనేక పత్రికలకు ప్రాతిపదిక. చిత్రంలోని ఏ ఒక్క భాగాన్నీ విడిగా ప్రస్ఫుటం చేయడం, మరుగుపరచడం, కదిలించడం, తొలగించడం, చేర్చడం కూడదన్నది దాని సారం. ఈ దృష్టితో చూస్తే సిద్ధాంత గ్రంథంలోని సాక్ష్యచిత్రానికి నేపథ్యం తొలగించకపోవడమే ఉత్తమం. కొలత కోసం తొలగించినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్, ఏ పద్ధతి, అంచును ఎన్ని పిక్సెళ్ళు సవరించారన్నది రాయాలి, మూలచిత్రాన్ని భద్రపరచాలి. గోడపత్రం సాక్ష్యం కాదు, బోధన. అక్కడ తొలగించవచ్చు. కాని కోసిన ప్రతి చిత్రాన్ని పంటను ఎరిగినవారు మూలచిత్రంతో పోల్చి చూసిన తరువాతే ముద్రణకు పంపాలన్న నియమం మేము పెట్టుకున్నాము. డిజైనరుకు ఆకు కొస విలువ తెలిసే అవకాశం లేదు, తెలియకపోవడం అతని తప్పు కాదు.

సవరించిన గోడపత్రంలో ఆకులను నీలి గుడ్డపై మళ్ళీ ఫొటో తీసి, పెన్ టూల్‌తో వేరు చేసి, లేత నేపథ్యంపై అసలు పరిమాణంలో ముద్రించాము. ముదురు ఆకుపచ్చ నేపథ్యాన్ని వదులుకోవడానికి మాలో ఒకరిద్దరు కొంత బాధపడ్డారు. పంచాయతీ గోడ వద్ద అదే రైతు తన ఆకును మూడవ చిత్రంపై ఆనించి చూసి, పచ్చదోమ అని తానే చదివారు. తరువాత పక్కనున్న రెండు ఆకుమచ్చ తెగుళ్ళ చిత్రాలను కొంతసేపు పరిశీలించి, "ఇవి రెండు ఒక్క తీరుగనే కొడుతున్నయి సారూ, ఆకు ఎన్క భాగం ఏది?" అని అడిగారు. ముందుగా వచ్చే ఆకుమచ్చలో పై భాగాన గోధుమ మచ్చ చుట్టూ పసుపు వలయం, ఆలస్యంగా వచ్చేదానిలో అడుగు భాగాన ముదురు నల్ల మచ్చలు ముఖ్యమైన తేడా. మేము రెండింటికీ పై భాగాన్నే వేశాము. అడుగు భాగాల ఫొటోలు ఇప్పుడు తీస్తున్నాము.